పద్య నాటకంలో పాడుతూ నటించాలంటే: శ్రుతి దగ్గర్నుంచి బయానా దాకా

గొంతు బాగుంటుంది, నాలుగు రాగాలు వచ్చు, కృష్ణుడి వేషానికి ముఖం నప్పుతుందని ఊళ్లో అంటుంటారు. పద్య నాటకంలోకి వచ్చేవాళ్లలో చాలామంది పెట్టుబడి ఇంతే. రెండు మూడేళ్లకు వాళ్లలో సగం మంది కనిపించరు. పద్యం పాత్ర మాట్లాడే మాట అని మరిచిపోయి దాన్ని కచేరీగా మార్చేయడమే ఇందుకు పెద్ద కారణం. చివరి వరుసలో కూర్చున్న మనిషికి పద్యంలో ఎవరు ఎవర్ని ఏమంటున్నారో తెలియాలి. అది తెలిసిన తర్వాతే ఎంత రాగం తీసినా చెల్లుతుంది.

ఈ పాడే నటన 1880 దశకంలో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాలతో ఊపందుకుంది. 1932లో తొలి తెలుగు టాకీ వచ్చినప్పుడు సురభి కమలాబాయి స్టేజీ మీద నుంచే సినిమాకు వెళ్లింది. ప్లేబ్యాక్ రాక ముందు పాడలేని నటుడికి పౌరాణిక సినిమాలో పెద్ద వేషం దొరకడం కష్టం. కల్యాణం రఘురామయ్య, వేమూరి గగ్గయ్య, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు లాంటివాళ్లు రెండు చోట్లా నిలిచింది అందుకే. ఇప్పుడు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఈ విద్యతో బతుకుదామనుకునేవాళ్లకు మిగిలినవి కాంట్రాక్టు నాటకాలు, పోటీలు, రేడియో, టీవీ. పద్ధతిగా నేర్చుకుంటే ఇవి తక్కువేం కాదు.

ముందు మీ శ్రుతి తేల్చుకోండి

శ్రుతి అంటే మీ గొంతు ‘స’ (షడ్జం) పెట్టుకునే మెట్టు. హార్మోనియం మీద సి మెట్టు ఒకటి శ్రుతి. అక్కణ్నుంచి తెల్లమెట్లు వరసగా రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. మధ్యలో వచ్చే నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మగవాళ్లలో ఎక్కువమంది గొంతు ఒకటికీ రెండున్నరకూ మధ్య కుదురుతుంది, ఆడవాళ్లది నాలుగున్నరకూ ఆరుకూ మధ్య.

తేల్చుకునే పద్ధతి ఇది. ఒకటి శ్రుతి పెట్టుకుని ఆకారంలో, అంటే ‘ఆ’ అంటూ, మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) దాకా దిగండి, తార పంచమం (పై స్థాయి ‘ప’) దాకా ఎక్కండి. పైన పంచమం నోరు పూర్తిగా తెరిచి 5, 6 సెకన్లు వణకకుండా నిలవాలి. కింది పంచమంలో ఊరికే స్వరం పలికితే చాలదు, ఒక వాక్యం చెబితే స్పష్టంగా వినిపించాలి. పైన సులువుగా ఉంటే అర శ్రుతి పెంచండి, మెడ నరాలు బిగుస్తుంటే అర తగ్గించండి. ఇంట్లో తేలిన శ్రుతి కంటే ఇంకో అర తక్కువ పెట్టుకుని స్టేజీ ఎక్కడం మంచిది. నాటకం మూడో గంటకు చేరేసరికి సంభాషణల్లో అరిచి అరిచి గొంతు బరువెక్కుతుంది. ఇంట్లో వచ్చిన తార పంచమం అప్పుడు రాదు.

పాత నటుల ఎత్తు శ్రుతిని అనుకరించబోయి గొంతు పాడుచేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మైకులు లేని రోజుల్లో పందిరి చివరిదాకా వినబడాలంటే ఎత్తుకోక తప్పేది కాదు. మీకా అవసరం లేదు. పైగా మీరు వింటున్న పాత గ్రామఫోన్ రికార్డు అసలు శ్రుతిలోనే ఉందన్న నమ్మకమూ లేదు. ఆ ప్లేట్లు తిరిగే వేగం మారితే శ్రుతీ మారిపోతుంది. ఒక వైపుకి సుమారు 3 నిమిషాలే పట్టేది కాబట్టి ఆలాపన ఎంత తీయాలో కూడా ప్లేటే నిర్ణయించేది. వాటిలో ఉచ్చారణ వినండి, విరుపు వినండి. శ్రుతీ నిడివీ మాత్రం తీసుకోవద్దు.

ఇంకో చిక్కు ఉంది. ఒకే సీనులో ముగ్గురు పాడితే మూడు శ్రుతులు. హార్మోనిస్టు మెట్టు మార్చుకుంటాడు, తబలా మాత్రం అంత తొందరగా మారదు. అందుకే సీనులో అందరూ ఒక శ్రుతికి, కనీసం అర తేడాలోకి రావడం మర్యాద. ఆ సర్దుబాటు మేకప్ గదిలోనే జరిగిపోవాలి.

పద్యం పట్టే క్రమం

రాగంతో నేర్చుకున్న పద్యంలో తప్పు దొర్లితే అది జన్మకు పోదు, ఎందుకంటే గొంతు ఆ తప్పును కూడా రాగంలో భాగంగా గుర్తుపెట్టుకుంటుంది. అందుకని రాగం చివర్న రావాలి.

మొదట పద్యాన్ని వచనంలా చదవండి. పదాలు విడదీసి, కర్త ఎవరు, క్రియ ఎక్కడుంది, ఎవరితో అంటున్నారు అన్నది పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. క్రియ చాలాసార్లు నాలుగో పాదంలో ఉంటుంది. అక్కడిదాకా వినేవాడి ఆసక్తి నిలబెట్టాలని మీకు ముందే తెలియాలి.

రెండోది ఊపిరి గుర్తులు. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. పాదం అయిపోగానే ఊపిరి పీల్చడం అందరికీ అలవాటు. కానీ వృత్తాల్లో మాట పాదం దాటి పోతూ ఉంటుంది. మొదటి పాదం చివర ‘రాయబా’ అనీ, రెండో పాదం మొదట ‘రి’ అనీ వచ్చిందనుకోండి. అక్కడ ఆగితే రాయబారి రెండు ముక్కలవుతాడు. యతి దగ్గర ఆగడమూ ఇలాంటిదే. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14 యతి స్థానాలు. అవి కవి పాటించాల్సిన నియమాలు, మీరు ఆగాలని అర్థం కాదు. అర్థం ఎక్కడ విరుగుతుందో అక్కడే ఊపిరి. అది పాదం మధ్యలో వచ్చినా సరే. ఒక ఊపిరికి పాదంన్నర లాగగలిగేలా సాధన ఉండాలి, లేకపోతే గుర్తులు పెట్టుకుని లాభం లేదు.

మూడోది, రాగం లేకుండా పలకడం. ద, ధ తేడా; శ, ష, స తేడా; న, ణ, ల, ళ. మైకు ముందు ఇవన్నీ బయటపడతాయి. హ్రస్వాన్ని సాగదీస్తే మాటే మారిపోతుంది. ‘కలము’ మీద రాగం తీస్తే ‘కాలము’ అవుతుంది, ‘వడి’ని సాగదీస్తే ‘వాడి’ అవుతుంది. సాగదీయాల్సిన చోటు దీర్ఘం మీద పడేలా చూసుకోండి. దీర్ఘాల్లోనూ ఆ, ఏ, ఓలు పైస్థాయిలో తెరుచుకుంటాయి. ఈ, ఊల మీద ఎక్కితే గొంతు నొక్కుకుపోయి కీచుమంటుంది. పద్యం చివరి మాట ‘ఈ’తో ముగిసినప్పుడు మాట పూర్తిచేసి, తర్వాత ఆకారంలోకి మారి ఆలాపన అందుకోండి.

నాలుగోది, రాగం లేకుండానే నటనతో చెప్పడం. ఎవరివైపు తిరగాలి, చేయి ఎప్పుడు లేపాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి. ఇక్కడే పద్యం మీదవుతుంది. ఇదంతా కుదిరాకే హార్మోనియం పెట్టె తెరవండి.

కందం సంగతి వేరు. అది చిన్నది, జవాబుకి జవాబు చెప్పడానికి పుట్టినట్టుంటుంది. కందానికి అర నిమిషం ఆలాపన తగిలిస్తే ఎదుటి పాత్ర దిక్కులు చూస్తూ నిలబడాలి. సీసం పూర్తిగా దీనికి ఎదురు. నాలుగు పెద్ద పాదాలు, ఒక్కో పాదంలో రెండు సగాలు, ఆపైన తేటగీతో ఆటవెలదో. మొదటి పాదంలోనే పైకి వెళ్లిపోతే ఆ తర్వాత ఎక్కడికీ పోలేరు. మొదటి రెండు పాదాలు మధ్య షడ్జం చుట్టూ, మూడోది పంచమం మీదుగా, నాలుగోది తార షడ్జం తాకేలా, గీతి మళ్లీ కిందికి దిగి మాటలా మొదలై చివరి పాదంలో రాగం విప్పేలా కట్టుకుంటే అంత పొడవు పద్యమూ నిలుస్తుంది. పెద్ద పాత్రల్లో సీసాలు వరసగా వస్తే ఒకదాన్ని రాగం దాదాపు లేకుండా చెప్పేయండి. పక్క పద్యం పెరిగి కనిపిస్తుంది.

ఏ రాగం, ఎంత రాగం

మోహన, కల్యాణి, బిలహరి, కాంభోజి, హిందోళం, అఠాణా, కాపి, సింహేంద్రమధ్యమం, శుభపంతువరాళి, ముఖారి. ఈ పది చేతిలో ఉంటే మామూలు పాత్రలన్నీ నడుస్తాయి. అఠాణా వీరానికీ రోషానికీ, ముఖారి, శుభపంతువరాళి శోకానికీ అన్నది మోటు లెక్క. మోటుదైనా మొదట్లో పనికొస్తుంది. దాన్ని మించి ఆలోచించాల్సింది ఒకటుంది. ఎదుటివాడు మోహనలో ముగిస్తే మీరు మళ్లీ మోహనతో మొదలుపెట్టకూడదు. రెండు పద్యాల మధ్య రాగం మారితే పాత్ర మారినట్టు చెవికి తెలుస్తుంది. అందుకని ప్రతి పద్యానికీ ఒక రాగం అసలుదిగా, ఒకటి ప్రత్యామ్నాయంగా సిద్ధం చేసుకోవాలి.

రోజూ సాధన 45 నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. 10 నిమిషాలు మంద్రంలో ఆకారం, 15 నిమిషాలు సరళి వరుసలు మూడు కాలాల్లో, మిగిలిన 20 నిమిషాలు ఒకే పద్యం. పద్యానికి తాళం లేదు కాబట్టి లయ అక్కర్లేదనుకోవడం పొరపాటు. గురువులూ లఘువులూ వాటి కొలతలో పడితేనే వృత్తం నడక వినిపిస్తుంది. శార్దూలం నడక చెవికి అందకుండా పాడితే అది రాగం కట్టిన వచనం.

ఆలాపన ఎంత అన్నది వేదికను బట్టి ఉంటుంది. పద్యం ముందు శ్రుతి తాకి వదిలేయడం మేలు. చివర 15, 20 సెకన్లు సరిపోతుంది. తిరునాళ్లలో జనం ఇంకా అడుగుతారు, ఇవ్వండి. పోటీల్లో ఇవ్వకండి. అక్కడ గడియారం ఉంటుంది, నాటకం నిడివి దాటితే మీ ఒక్కరి ఆలాపన మొత్తం జట్టుకు తగులుతుంది. ‘వన్స్‌మోర్’ కేకలకూ ఇదే లెక్క. ఊళ్లో అయితే చివరి రెండు పాదాలు మళ్లీ ఎత్తుకుంటే అడిగినవాళ్లు సంతోషిస్తారు, పద్యమంతా తిరిగి పాడితే కథ చల్లారిపోతుంది.

హార్మోనిస్టుతో

మీ పద్యం సగం ఆయన చేతిలో ఉంది. నాటకానికి ముందు ఆయన దగ్గర పది నిమిషాలు కూర్చుని మూడు సంగతులు చెప్పండి: మీ శ్రుతి, ఏ పద్యానికి ఏ రాగం, పద్యానికి ముందొచ్చే సంభాషణలో చివరి మాట ఏది. ఆ మాట వినగానే ఆయన షడ్జం అందిస్తాడు. మీరు ఆవేశంలో ఆ మాట మార్చి చెబితే ఆయన అందించడు, మీరు గాల్లో ఎత్తుకుంటారు, రెండో పాదంలో హార్మోనియం వచ్చి కలిసేసరికి ఇద్దరూ అర శ్రుతి తేడాలో ఉంటారు. పద్యం అపశ్రుతిలో మొదలైన సందర్భాల్లో ఎక్కువ ఇలా జరిగేవే. సంభాషణ ఎంత అరిచి చెప్పినా, చివరి మూడు నాలుగు మాటలు మీ మధ్య షడ్జం దగ్గరికి దించి చెప్పడం అలవాటు చేసుకోండి. అప్పుడు హార్మోనియం కాస్త ఆలస్యమైనా నష్టం లేదు.

శ్రుతి తప్పిందని మధ్యలో తెలిస్తే అక్కడే సరిచేయబోకండి. ఆ పాదాన్ని మాటలా పూర్తిచేసి, ఒక్క క్షణం ఆగి, తర్వాతి పాదం సరైన షడ్జంతో ఎత్తుకోండి. అది నటనలో విరామం అనుకుంటారు.

వేషంలో పాడటం

ఇంట్లో పాడిన గొంతు కిరీటం కింద పాడదు. కిరీటం వదులుగా ఉంటే అది పడకుండా తెలియకుండానే గడ్డం పైకెత్తుతారు, గొంతు బిగుస్తుంది. లోపల గుడ్డ చుట్టో దూది పెట్టో బిగువు సరిచేసుకుని, తల అటూ ఇటూ గట్టిగా తిప్పి చూసుకోండి. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముక మీదికి దించి కట్టించుకోండి. పొట్ట నొక్కుకుపోతే పాదంన్నర ఊపిరి ఎక్కణ్నుంచి వస్తుంది? డ్రెస్సు వేశాక ఒక పెద్ద శ్వాస తీసుకుని, ఆ స్థితిలో ముడి వేయమనాలి. మీసం స్పిరిట్ గమ్‌తో అతికించేటప్పుడు నోరు ‘ఓ’ అన్నట్టు తెరిచి ఉంచండి. నోరు మూసి అతికిస్తే మొదటి ‘ఆ’కారానికే ఒక కొస లేస్తుంది.

మేకప్‌కి గంట నుంచి గంటన్నర పడుతుంది. ముందు గడ్డం గీసుకోవడం, తర్వాత పల్చగా నూనె, బేస్, పౌడరు, కళ్లు, చివర పెదవులు. నూనె ఎక్కువైతే లైట్ల వేడికి రంగు కారి కళ్లలో పడుతుంది. మేకప్ అయ్యాక గొంతు సవరించుకోవడానికి 10 నిమిషాలు ఉంచుకోండి. అది లేకుండా స్టేజీ ఎక్కితే మొదటి పద్యమే సాధన అవుతుంది, అది జనం ముందు జరుగుతుంది.

నిలబెట్టిన మైకు అయితే కింది స్థాయిలో ఒక జాన దూరం, తారస్థాయిలో రెండు జానలు. పైస్థాయిలో తల వెనక్కి వంచకండి, అడుగు వెనక్కి వేయండి. కాలర్ మైకు అయితే హారాలు తగిలి గరగరమంటుంది. హారాల మీదుగా కాక, మెడకు దగ్గరగా బట్ట మీద పెట్టించుకోండి.

ఎదుటివాడు పద్యం పాడుతున్నప్పుడు మీరేం చేస్తున్నారన్నదీ జనం చూస్తారు. రెండు నిమిషాల పద్యానికి రెండు నిమిషాల మౌనపు నటన కావాలి. ఆ సమయంలో తబలా వైపు చూసి తల ఊపేవాడు, కిరీటం సర్దుకునేవాడు, ఎంత బాగా పాడినా నటుడు కాడు. చాలామంది పేరున్నవాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు.

వేషాలు, ఒప్పందాలు

కృష్ణుడితో మొదలుపెట్టకండి. రాయబారం నాటకంలో అశ్వత్థామ, కర్ణుడు, సహదేవుడు, హరిశ్చంద్రలో నక్షత్రకుడు. తక్కువ పద్యాలు, సీనులో ఎక్కువ సేపు ఉండే పాత్రలు ఇవి. పెద్ద నటుల పక్కన నిలబడి వినడానికి ఇంతకంటే మంచి బడి లేదు. అర్జునుడు, దుర్యోధనుడు తర్వాతి మెట్టు. కాటి సీను హరిశ్చంద్రుడికి గొంతుతో పాటు ఓపిక కావాలి. ఆ సీనులో నాటకం రాసిన బలిజేపల్లి పద్యాలతో పాటు కవి జాషువా శ్మశాన పద్యాలు కూడా పాడటం వాడుక. జనానికి అవి కంఠస్థం, ఒక్క అక్షరం తప్పినా పట్టేస్తారు.

కాంట్రాక్టు నాటకంలో రిహార్సల్ ఉండదు. తలా ఒక ఊరి నుంచి వచ్చి, మేకప్ గదిలో పలకరించుకుని, స్టేజీ ఎక్కుతారు. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని సీన్లు పంచుకుంటారు. పడకసీను (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చేది) ఒకరిది, రాయబారం ఇంకొకరిది. కాబట్టి వేషం మొత్తం రావడం కంటే ఒక సీను కట్టుదిట్టంగా రావడంతో పిలుపులు మొదలవుతాయి. వాడుకలో ఉన్న పద్యాల వరస తెలుసుకోండి. మీకు నచ్చిన కొత్త పద్యం మధ్యలో దూర్చితే ఎదుటివాడికి జవాబు పద్యం ఉండదు.

బయానా (అడ్వాన్సు) తీసుకునే ముందు ఫోనులోనే తేల్చుకోవాల్సినవి: ఏ సీను, ఎన్నో కృష్ణుడు, రాత్రి ఎన్ని గంటలకు మీ సీను, డ్రెస్సు అద్దె ఎవరిది, మేకప్ ఎవరు చేస్తారు, హార్మోనిస్టు ఎవరు, ప్రయాణ ఖర్చు పారితోషికంలో కలిసి ఉందా విడిగానా, వాన పడి ఆగిపోతే ఏమిటి. మిగతా డబ్బు మేకప్‌కి కూర్చునే ముందే తీసుకోవడం ఈ రంగంలో తప్పుగా చూడరు. తెల్లవారుజామున పందిరి విప్పుతుంటే డబ్బులిచ్చే మనిషిని వెతుక్కోవడం మాత్రం నరకం.

పని ఎక్కువగా సంక్రాంతి నుంచి వేసవి జాతరల దాకా, మళ్లీ దసరాకు ఉంటుంది. శివరాత్రి, శ్రీరామనవమి రోజుల్లో ఒకే రాత్రికి రెండు ఊళ్లు ఒప్పుకునే ఆశ పుడుతుంది. రెండింటి మధ్య ప్రయాణం, మళ్లీ మేకప్ సవరింపు కలిపి లెక్కేసుకోండి. రెండో ఊళ్లో పాడేది అలసిపోయిన గొంతే. వానాకాలం ఖాళీ. కొత్త సీను నేర్చుకోవడానికి అదే సమయం.

చింతామణి నాటకంలో వేషం అడిగితే ఒప్పుకునే ముందు ప్రదర్శనకు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. అలాంటి సీనుకే ఏడాది సాధన ధారపోస్తే చేతిలో ఏమీ మిగలదు.

నంది నాటకోత్సవాల్లో పద్య నాటకానికి విడిగా విభాగం ఉంది. పోటీ నాటకాలకు రిహార్సల్ ఉంటుంది, దర్శకుడు ఉంటాడు, మీ ఆలాపన మీద కత్తెర పడుతుంది. కాంట్రాక్టు అలవాట్లు వదిలించుకోవడానికి ఏడాదికి ఒక్క పోటీ నాటకమైనా చేయడం మంచిది. సురభి వాళ్ల ప్రదర్శన ఒకటైనా పక్క నుంచి చూడండి. 1885 నుంచి కుటుంబాలుగా ఆడుతున్నవాళ్లు, రంగాలు మార్చే వేగం, తీగల మీద ఎగిరే పాత్రలు. తీగకు వేలాడుతూ కూడా శ్రుతి తప్పకుండా పాడాలంటే ఊపిరి ఎక్కడ పెట్టుకోవాలో అక్కడ తెలుస్తుంది.

ఆకాశవాణి, టీవీ రికార్డింగుల్లో స్టేజీ పద్ధతి సగం పనికిరాదు. మైకు జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి అరుపు పగులుతుంది. ఆలాపన 5 సెకన్లకు కుదించాలి, కాగితం చప్పుడు కాకూడదు. ఆడిషన్‌కు ఒక వృత్తం, ఒక సీసం, ఒక కందం, రెండు నిమిషాల వచన సంభాషణ సిద్ధం చేసుకోండి. సంభాషణ దగ్గరే ఎక్కువమంది తేలిపోతారు, ఎందుకంటే పద్యం సాధన చేసినంత మాట సాధన చేయరు.

గొంతు

నాటకానికి రెండు గంటల ముందే తేలికగా తినేయండి. పందిరి పక్క మిరపకాయ బజ్జీల పొగలో నిలబడటం కూడా గొంతుకు తినడంతో సమానమే. గోరువెచ్చని నీళ్లు మేకప్ నుంచి సీను దాకా కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. సీను అయ్యాక గట్టిగా కబుర్లు చెప్పడం మానేయండి, అలసిన గొంతును పాట కంటే ఆ కబుర్లే ఎక్కువ చెడగొడతాయి. జలుబుతో పాడాల్సివస్తే హార్మోనిస్టుకు చెప్పి ఒక శ్రుతి దించేయండి, ఎవరూ గమనించరు. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల కషాయం ఆపి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి. స్వరపేటిక మీద కాయలు కట్టిన గొంతుతో సీజనంతా లాగిస్తే వచ్చే సీజనుకు తార షడ్జం కూడా మిగలదు.